కమాండర్ ఎలుక నాలుగో పుస్తకం

కోదాడలో ఒక ప్రైవేటు బడిలో ఆరో తరగతికి తెలుగు చెప్పిన రోజుల్లో, ప్రపంచాన్ని చేజిక్కించుకోవాలని పథకాలు వేసే ఎలుకల గురించి నేను నాలుగు బొమ్మల పుస్తకాలు గీశాను. మొదటి మూడూ మా అక్క ఇంట్లో, నా ట్రంకుపెట్టెలో ఉండేవి. నాలుగోది ఒక శుక్రవారం కనబడకుండా పోయింది. దాని కోసం కోదాడ నుంచి మిర్యాలగూడకు, మిర్యాలగూడ నుంచి సూర్యాపేటకు తిరిగాను.

అది రెండు వేల ఆరు. నాకు ఇరవై మూడేళ్లు. మాది పెద్దవూర దగ్గర పల్లె. నాన్నకు గొర్లున్నాయి. మా ఇంట్లో బడి చదువు దాటి పోయినదాన్ని నేనే. బీఈడీ అయ్యాక, డీఎస్సీ పడేదాకా ఊళ్లో ఖాళీగా కూర్చోవద్దని అక్క నన్ను కోదాడకు పిలిపించుకుంది. బావ మఠంపల్లి వైపు నుంచి సిమెంటు లారీ నడిపేవాడు. వారంలో నాలుగు రోజులు ఇంట్లో ఉండేవాడు కాదు. అక్కకు తోడుగా ఉంటానని నన్ను రమ్మన్నదో, నాకు దారి చూపిద్దామని రమ్మన్నదో ఇప్పటికీ నాకు తెలియదు.

నాకిచ్చిన ఆరో తరగతి బి సెక్షన్‌లో డజను మందికి పాఠం చదవడం రాదు. అక్షరాలు వచ్చు, ఒత్తులు వచ్చు, వాక్యం మాత్రం నోట్లోంచి ముక్కలు ముక్కలుగా పడేది. వాళ్లలో ఒక అమ్మాయి ఉండేది. మఠంపల్లి దారిలోని ఊరి నుంచి ఆటోలో వచ్చేది. తండ్రి సున్నపురాయి క్వారీలో పనిచేసేవాడు. చదవమంటే లేచి నిలబడి, పుస్తకాన్ని ముఖానికి అడ్డం పెట్టుకొని, నేను కూర్చోమనేదాకా అట్లాగే ఉండేది.

ఈ పిల్లలతో ఎట్లా చదివించాలని ఆలోచిస్తుంటే మిర్యాలగూడ బస్టాండు గుర్తొచ్చింది. డిగ్రీ చదివేటప్పుడు పెద్దవూర బస్సు కోసం అక్కడ గంటలు గంటలు నిలబడేదాన్ని. బస్టాండులో పుస్తకాల అంగడి ఉండేది. కొనకపోయినా అంగడాయన ఏమీ అనేవాడు కాదు. అక్కడ ఒకసారి ఎలుకల బొమ్మల పుస్తకం చూశాను. పేరు గుర్తు లేదు. ఎలుకలు లోకాన్ని ఏలాలనుకుంటాయి. నిలబడే సగం చదివాను. బస్సు వచ్చింది. మర్నాడు పోతే ఎవరో కొనుక్కుపోయారు. వాటి పథకం ఏమైందోనని చాలా రోజులు మనసులో పీకింది.

అందుకని నా ఎలుకలను నేనే గీసుకున్నాను. తెల్లకాగితాలు మధ్యకు మడిచి, దారంతో కుట్టి, ఎనిమిది పేజీల పుస్తకం చేశాను. మాటలన్నీ పెద్ద అక్షరాలతో, పొట్టి వాక్యాలతో రాశాను. కథ మిర్యాలగూడలోని ఒక రైస్‌మిల్లులో జరుగుతుంది. ఊక కుప్ప కింద ఎలుకల సైన్యం. దానికి నాయకుడు కమాండర్. బొజ్జ, నుదుటి మీదికి తోసుకున్న కళ్లజోడు. మొదటి పుస్తకంలో అవి ప్రపంచ పటాన్ని దొంగిలిస్తాయి. ఏ దేశాన్ని ఏ ఎలుక గెలవాలో పంచుకుంటాయి. పటాన్ని మైదా జిగురుతో అతికించి ఉంటారు. తెల్లారేసరికి ఆకలికి ఆగలేక ప్రపంచాన్ని మొత్తం తినేస్తాయి. ఇక గెలవడానికి ఏమీ మిగలదు. రెండో పుస్తకంలో సూర్యాపేట మార్కెట్‌లోని పిల్లులన్నిటికీ పింఛను ఇచ్చి ఇంటికి పంపించేద్దామనుకుంటాయి. పిల్లులు పింఛను తీసుకోవడానికి వరసగా వచ్చి గుమస్తా ఎలుకను తినిపోతాయి.

పిల్లలు ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కొని చదివారు. ఒక్కటే ప్రతి కాబట్టి రోజుకొకరు ఇంటికి తీసుకుపోవాలని వంతులు పెట్టాను. చదవడం రానివాళ్లకే మొదటి వంతులు. నెల తిరిగేసరికి ఆ డజను మందిలో ఏడుగురు ఆగకుండా చదువుతున్నారు. ఆ అమ్మాయి మాత్రం పుస్తకం తీసుకుపోయేది, తెచ్చేది, చదవమంటే ముఖానికి అడ్డం పెట్టుకునేది.

నాలుగో పుస్తకంలో కమాండర్ బడి పెడతాడు. ప్రపంచాన్ని ఏలాలంటే పిల్ల ఎలుకలకు శిక్షణ కావాలి కదా. ఉదయం ప్రార్థనలో మాట్లాడుతాడు. “నేను చెప్పేది ఒక్కటే,” అంటాడు. “క్రమశిక్షణ.” తర్వాత, “రెండోది, శుభ్రత,” అంటాడు. మూడోది, నాలుగోది, అట్లా పదకొండు దాకా పోతాడు. పిల్ల ఎలుకలు నిలబడే నిద్రపోతాయి. పిల్లి వచ్చి వెనక వరస నుంచి మొదలుపెడుతుంది.

మా కరస్పాండెంట్ సార్ యాభై దాటిన మనిషి. సాగర్ కాలువ కింద పొలాలున్న కుటుంబం. తమ్ముడు రాజకీయాల్లో తిరిగేవాడు. సార్ మాత్రం బడి పెట్టుకొని, రోజూ ప్రార్థనకు వచ్చి మాట్లాడేవాడు. ఏం మాట్లాడినా మొదటి మాట ఒకటే. “నేను చెప్పేది ఒక్కటే పిల్లలూ.” ఆ తర్వాత నాలుగైదు సంగతులు చెప్పేవాడు.

ఈ పోలిక రాసేటప్పుడు నాకు తట్టలేదని చాలా కాలం నాకు నేనే చెప్పుకున్నాను.

ఆ గురువారం మూడో పీరియడ్‌లో సార్ మా క్లాసులోకి వచ్చాడు. “నేను చెప్పేది ఒక్కటే పిల్లలూ. టై లేకుండా రావొద్దు,” అన్నాడు. “రెండోది,” అనగానే వెనక బెంచీలో ఒకడు వేళ్లు మడిచాడు. మూడోదానికి ఇంకొకడు. ఎవరో కమాండర్ అని గొణిగారు. నవ్వు ఒక బెంచీ నుంచి ఇంకో బెంచీకి పాకింది. సార్ చుట్టూ చూశాడు. ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాలేదు. తనూ కొంచెం నవ్వి వెళ్లిపోయాడు. నా చేతిలో చాక్‌పీసు రెండు ముక్కలైంది.

నాలుగో పుస్తకం ఆ రోజు వంతు ఆ అమ్మాయిది. సాయంత్రం పుస్తకం వెనక్కి అడుగుదామని చూస్తే ఆటో వెళ్లిపోయింది. శుక్రవారం ఆమె బడికి రాలేదు. శనివారమూ రాలేదు. మధ్యాహ్నం బడి వదలగానే నేనే ఆటో ఎక్కి వాళ్ల ఊరికి పోయాను. ఇంటి ముందు వాళ్ల అమ్మ బట్టలు ఆరేస్తున్నది. నన్ను చూసి కంగారుపడింది.

“బిడ్డ ఏమన్న తప్పు చేసిందా టీచర్?” అంది.

“ఏం లేదమ్మా. ఒక పుస్తకం కావాల్సి వచ్చింది.”

“ఎలుకల పుస్తకమా? దాన్ని మేనమామకు సదివి సూపిస్తనని మిర్యాలగూడ తీస్కపోయింది. మా తమ్ముడు ఆడ మిల్లుల హమాలీ. రెండు రోజులుండి వస్తది.”

మిల్లు ఎక్కడో అడిగి తెలుసుకొని ఇల్లు చేరాను. అక్కకు చెప్తే ఆమె చేస్తున్న పని ఆపింది.

“సార్ సూస్తే ఏమైతది?” అంది.

“తీసేస్తడు.”

“తీసేస్తే ఇంకో బడి లేదా ఏంది?”

“సార్ తమ్ముడు తెల్వనోళ్లు ఎవరక్కా ఈడ? ఇంకెవరు తీస్కుంటరు?”

నాకు ఇంకో భయం కూడా ఉండేది. అది అక్కకు చెప్పలేదు. ఊళ్లో నాన్న గొర్ల మందల దగ్గర, సంతలో, బస్సులో, కనబడిన ప్రతివాళ్లకూ మా బిడ్డ కోదాడలో టీచర్ అని చెప్పుకుంటున్నాడు. ఆరు నెలలకే ఎలుకల బొమ్మలు గీసి ఉద్యోగం పోగొట్టుకుందని ఆయన ఏ ముఖంతో చెప్తాడు?

ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను. హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ చేరేసరికి పది దాటింది. ఊరి బయట మిల్లుల వరస. గాలిలో ఉడికిన వడ్ల వాసన. మిల్లు వెనక హమాలీల గదులున్నాయి. ఆ అమ్మాయి గడపలో కూర్చొని ఉంది. నన్ను చూడగానే లోపలికి పరుగెత్తింది. మేనమామ బయటికి వచ్చాడు. నడుముకు తువ్వాల, భుజాల మీద తవుడు. కూర్చోమని పీట వేశాడు.

“ఆ పుస్తకం మీరే రాసిన్రా మేడం?” అన్నాడు.

“అవును.”

“మస్తుగున్నది. గని మిల్లెలుకలు ఊక కింద ఉండయ్ మేడం. ఊకల ఏముంటది తిననీకి? తవుడు కాడ ఉంటయ్.”

“మీ కోడలు చదివిందా?” అని అడిగాను.

“మొత్తం సదివింది. మేం పది మందిమి బువ్వ తినుకుంట కూసున్నం. ఎవ్వల దిక్కు సూడలే. గోడ దిక్కు తిరిగి సదివింది. ఒక్కకాడ గూడ ఆగలే.”

లోపల తలుపు వెనక ఆ అమ్మాయి పాదాలు కనబడుతున్నాయి. ఆ మాటకు నేను సంతోషపడాలి. మూడు నెలలుగా నేను ఎదురుచూసింది దాని కోసమే. కాని నా కళ్లు గదిలో పుస్తకం కోసం వెతుకుతున్నాయి.

“ఆ పుస్తకం ఇస్తే తీస్కపోత,” అన్నాను.

ఆయన తల గోక్కున్నాడు. “గాడనే వచ్చింది పరేషాన్. నిన్న మేం నవ్వుతుంటే మా సేటు వచ్చిండు. ఏందిరా అని గుంజుకున్నడు. సదివి సదివి నవ్విండు. కోదాడల బడి నడిపే మా బావ ఇట్లనే మాట్లాడ్తడు అన్నడు. ఇయ్యాల సూర్యాపేటల వాళ్ల సుట్టాల ఎంగేజ్‌మెంట్ ఉన్నదట. బావకు సూపిస్త అని జేబుల పెట్టుకొని పోయిండు.”

నేను లేచి నిలబడ్డాను. ఆయన కాసిని మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. తాగానో లేదో గుర్తు లేదు. ఫంక్షన్ హాల్ పేరు అడిగాను. ఆయన ఇంకొకరిని అడిగి చెప్పాడు. బయలుదేరుతుంటే ఆ అమ్మాయి తలుపు వెనక నుంచే, “టీచర్, నేను పోగొట్టలే,” అంది. “నువ్వేం చెయ్యలేదు బిడ్డా,” అన్నాను. నా గొంతు నాకే నమ్మబుద్ధి కాలేదు.

సూర్యాపేటకు ఎందుకు పోతున్నానో బస్సులో నాకు తెలియదు. పోయి ఏం చేస్తాను? పిలవని ఎంగేజ్‌మెంట్‌కు పోయి, సేటు జేబులోంచి పుస్తకం అడుక్కుంటానా? అయినా కోదాడ బస్సెక్కి ఇంటికి పోవడం ఇంకా కష్టమనిపించింది. బస్టాండులో దిగి ఆటోలో ఫంక్షన్ హాల్ దగ్గరికి చేరేసరికి భోజనాలు నడుస్తున్నాయి. హాలు ముందు షామియానా, కుర్చీలు. రోడ్డు ఇవతల చెరకురసం బండి చాటున నిలబడ్డాను.

సార్ షామియానా కింద కూర్చొని ఉన్నాడు. తెల్లచొక్కా. చుట్టూ ఆరేడుగురు చుట్టాలు. ఒకతను నిలబడి నా పుస్తకం పట్టుకొని చదువుతున్నాడు. అంత దూరం నుంచి మాటలు వినబడలేదు. వేళ్లు ఒక్కటొక్కటే పైకి లేపుతుంటే మాత్రం కనబడింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో వేలు లేచేసరికి అందరూ వంగి వంగి నవ్వుతున్నారు. సార్ కూడా నవ్వాడు. కాని అందరి తర్వాత నవ్వాడు. పక్కవాళ్ల ముఖాలు చూసి, ఆ తర్వాత. ఒకావిడ, ఆయన భార్యే అనుకుంటా, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి పోయింది. చదివినతను పుస్తకాన్ని సార్ ఒళ్లో పడేశాడు. సార్ దాన్ని మడిచి పై జేబులో పెట్టుకోబోయాడు. అది పట్టలేదు. మళ్లీ తీసి చేతిలోనే పట్టుకొని కూర్చున్నాడు.

నేను రోడ్డు దాటలేదు. చెరకురసం బండి ఆయన రెండుసార్లు ఏం కావాలని అడిగాడు. తర్వాత నడుచుకుంటూ బస్టాండుకు వచ్చి కోదాడ బస్సెక్కాను.

సోమవారం ప్రార్థనకు సార్ రాలేదు. మంగళవారం వచ్చాడు గాని మాట్లాడలేదు, పీఈటీ సార్‌తో మాట్లాడించాడు. వరండాలో నాకు ఎదురుపడి తల ఊపి పోయాడు. అటెండర్ మా క్లాసు వైపు నడిచి వచ్చినప్పుడల్లా నన్నే పిలుస్తాడని లేచి నిలబడేదాన్ని. ఒకసారి సుద్దముక్కల డబ్బా ఇచ్చి పోయాడు. ఇంకోసారి ఎవరో పిల్లవాడి టిఫిన్ క్యారియర్. స్టాఫ్‌రూములో ఎవరైనా నవ్వితే నా గురించే అనిపించేది. ఇంట్లో అక్క అన్నం పెట్టి ఎదురుగా కూర్చొని చూసేది. తీసేసేదేదో ఒక్కసారే తీసేస్తే బాగుండుననిపించింది.

ఆ అమ్మాయి మంగళవారం బడికి వచ్చింది. పుస్తకం ఏమైందని అడగలేదు. నేనూ చెప్పలేదు. మిగతా పిల్లలు ఐదో పుస్తకం ఎప్పుడని అడిగితే, ఎలుకలకు పరీక్షలు దగ్గరపడ్డాయని చెప్పాను.

గురువారం ప్రార్థన అయ్యాక సార్ మైకు అందుకున్నాడు. పిల్లలు వరసల్లో నిలబడి ఉన్నారు.

“నేను చెప్పేది,” అన్నాడు.

అక్కడ ఆగిపోయాడు. మైకులో ఆయన ఊపిరి వినబడింది. పిల్లలు ఎదురుచూస్తున్నారు. నా వరసలోని వెనక బెంచీవాడు రెండు చేతులూ ముందుకు తెచ్చి వేళ్లు సిద్ధంగా పెట్టుకున్నాడు. నేను వాడి చేతులు పట్టుకొని కిందికి దించాను. సార్ చూశాడు. మా వరసనే చూశాడు. మళ్లీ నోరు తెరిచాడు. మాట దొరకలేదు. ఇరవై ఏళ్లుగా ఆ మాటతో తలుపు తీసుకొని లోపలికి పోయేవాడు. ఇప్పుడు ఆ తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

“క్లాసులకు వెళ్లండి,” అని మైకు కిందపెట్టాడు.

నేను క్లాసుకు పోలేదు. ఆయన వెనకే ఆఫీసు గదికి పోయాను. ఇంకొక్క పూట ఆగినా నాకు ధైర్యం ఉండేది కాదు. తలుపు దగ్గర నిలబడి, “సార్, ఆ పుస్తకం నేనే రాసిన,” అన్నాను.

“తెలుసమ్మా,” అన్నాడు. “బోర్డు మీద రోజూ చూస్తూనే ఉన్నాగా ఆ అక్షరాలు.”

సొరుగు లాగి పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. మడత పడిన చోట కాగితం చిరిగి ఉంది. మీద ఎవరిదో కూర మరక.

“మా చుట్టాలు నన్ను చూసి నవ్వడం ఇప్పుడు కొత్త కాదు,” అన్నాడు. “పెళ్లయిన కాడి నుంచీ బావమరుదులు ఆ మాట పట్టుకొని ఆడిస్తారు. అది నాకలవాటే. బడిలో పిల్లలకు తెలియదనుకున్నా. వాళ్లు నన్ను చూసి భయపడతారనుకున్నా.”

ఆయన చిరిగిన మడతను వేలితో అదిమాడు.

“ఒకటి అడుగుతా, నిజం చెప్పండి. ఇది రాసేటప్పుడు మీరు నవ్వుకున్నారా?”

పోలిక నాకు తట్టలేదని, పొరపాటున పడిందని చెప్పాలని బస్సులో, ఇంట్లో, నాలుగు రోజులుగా మాటలు పేర్చుకున్నాను. అవి ఒక్కటీ రాలేదు. అక్క ఇంట్లో నేల మీద బోర్లా పడుకొని, పదకొండోది రాస్తూ, నోరు మూసుకొని ఎంత నవ్వానో గుర్తొచ్చింది.

“నవ్విన సార్,” అన్నాను.

ఆయన పుస్తకాన్ని దగ్గరికి లాక్కున్నాడు. మొదటి పేజీ తిప్పాడు. కళ్లజోడు నుదుటి మీద ఉంది. కిందికి దించుకొని చూశాడు.

“సరే. వెళ్లండి. పిల్లలు ఒక్కళ్లే ఉన్నారు.”

“రేపు రావాల్నా సార్?”

“టైంటేబుల్లో మీ పేరుందిగా.”

అంతే. తిట్టలేదు, క్షమించానని అనలేదు, పుస్తకం తిరిగి ఇవ్వలేదు. అడగడానికి నాకు నోరు రాలేదు. గదిలోంచి బయటపడ్డాక వరండా స్తంభం పట్టుకొని నిలబడ్డాను. భయం పోతుందనుకున్నాను. పోలేదు. ఏడాది చివర తీసేస్తాడేమోనని ఏప్రిల్ దాకా, జూన్‌లో పిలవడేమోనని సెలవులన్నీ భయపడ్డాను. ఊళ్లో నాన్న ఎండాకాలం పొద్దున గొర్లు తోలుకుపోతూ, “బడి ఎప్పుడు తెరుస్తరు బిడ్డా?” అని అడిగితే బిందె తీసుకొని లోపలికి పోయేదాన్ని. జూన్‌లో బడి నుంచి ఫోన్ వచ్చింది. ఆరుతోపాటు ఏడు కూడా నాకే ఇచ్చారు.

సార్ చాలా వారాలు ప్రార్థనలో మాట్లాడలేదు. తర్వాత కాగితం మీద రాసుకొని వచ్చి చదవడం మొదలుపెట్టాడు. ఆ చదవడం వింటుంటే మా బి సెక్షన్ పిల్లల మొదటి రోజులు గుర్తొచ్చేవి, ఆగి ఆగి, వేలు పెట్టుకొని. ఒక ఏడాది పోయాక కాగితం మానేశాడు. పాత మాట దానంతట అదే వచ్చింది. పిల్లలు మారిపోయారు, ఎవరూ నవ్వలేదు. నేను మాత్రం తల ఎత్తలేదు.

నేను ఐదో పుస్తకం గీయలేదు. ఆ అమ్మాయి ఏడో తరగతిలో ఒకసారి గోడ వైపు తిరిగి పాఠం మొత్తం చదివింది. తిరగమని నేను అనలేదు.

తర్వాత డీఎస్సీలో సూర్యాపేట దగ్గర ఊళ్లో ప్రభుత్వ బడి వచ్చింది. కోదాడ వదిలేటప్పుడు సార్‌కు చెప్పడానికి పోతే శాలువా కప్పించాడు, మంచి టీచర్ అని అందరి ముందు అన్నాడు. ఆ మాట నిజంగా అన్నాడో, పద్ధతి కోసం అన్నాడో ఆయన ముఖంలో వెతికాను. తెలియలేదు.

రెండు వేల పద్నాలుగులో ఒక మధ్యాహ్నం ఎనిమిదో తరగతి నోటుపుస్తకాలు దిద్దుతున్నాను. ఒకదాంట్లో ఆఖరి పేజీ గాలికి తెరుచుకుంది. పెన్సిల్‌తో గీసిన బొమ్మ అంచు కనబడింది. చీర కుచ్చిళ్లు, చెప్పులు, ఒక తోక. పైన ముఖం ఎవరిదో చూడాలంటే పేజీ ఇంకొంచెం తిప్పాలి. క్లాసులో రెండో వరసలో, ఆ నోటుపుస్తకం తాలూకు పిల్ల రాయడం ఆపి నా చేతి వైపే చూస్తున్నది. నేను పేజీ మూసి, ఆ రోజు పాఠం కింద సంతకం పెట్టి, పుస్తకాన్ని దిద్దినవాటి మీద పెట్టాను.